మెంబరు పని: ఒక చలికాలం, ఒక పెంటకుప్ప

రిటైరైనవాళ్లు రాసుకునే అనుభవాలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. స్టేషన్ మాస్టర్లు, హెడ్మాస్టర్లు, తాసిల్దార్లు అరవై దాటాక కలం పడతారు. నేను ఇరవై ఎనిమిదికే పట్టాను. గ్రామ పంచాయతీలో వార్డు మెంబరుగా నా ఐదేళ్లు అయిపోయాయి. రిజర్వేషన్ పక్క వార్డుకు పోయింది. నేను మాజీనయ్యాను. ఆ మాట వినగానే మా అమ్మ, "పెండ్లి గూడ గాకముందే మాజీవైతివి గదనే" అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఈసారి మా మండలంలో చాలా వార్డులు ఆడవాళ్లకు వచ్చాయి. కొత్తగా గెలిచినవాళ్లలో నాకన్నా చిన్నవాళ్లూ ఉన్నారు. ఒకరిద్దరు ఇంటికొచ్చి "అక్కా, మెంబరుకు పనేముంటది?" అని అడిగారు. చాయ్ ఇచ్చాను గానీ జవాబు సరిగ్గా ఇవ్వలేకపోయాను. ముఖం చూసి మాట్లాడడం నాకు ఇప్పటికీ కష్టమే. వాళ్లు వెళ్లాక డైరీ తీస్తే చెప్పాల్సినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అందుకే ఇది రాస్తున్నాను.

కుర్చీ ఎవరిది

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్యన ఉంటుంది. నా చిన్నప్పుడు చుట్టూ ద్రాక్షతోటలే. రాతి కడీల మీద పందిళ్లు, వాటి కింద మధ్యాహ్నం పూట కూడా చల్లటి నీడ. బోర్లు ఎండిపోయాక తోటలు పోయి కడీలు మిగిలాయి. వాటినే తెచ్చి ప్లాట్లకు హద్దులుగా పాతారు. మా బాపు కూడా తోట తీసేసి ప్లాట్లు చేశాడు. ఆ ప్లాట్లలో లేచిన కాలనీయే మా వార్డులో సగం. బ్యాంకుల్లో, సర్కారు ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసే కోస్తా జిల్లాలవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. మిగతా సగం పాత ఊరు. రెండింటి మధ్యా ఒక మట్టిబాట.

వార్డు ఆడవాళ్లకు వచ్చిందని తెలిసిన రోజు బాపు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు. నేను పుస్తకంలో ఉన్నాను.

"బిడ్డా, నువ్వే నిలబడాలె."

"నాకు మాట్లాడొస్తదా బాపు?"

"మాట్లాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు తియ్యి. నువ్వు సంతకం పెడితె సాలు."

ఆయన లెక్క అది. గెలిచాక మొదటి మీటింగుకు నాతో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మా సర్పంచి జంగయ్యను నేను కాకా అని పిలుస్తాను. పది మాటలు మాట్లాడితే తొమ్మిది నవ్వించేవే. ఆయన బాపును కాసేపు చూసి, "పటేలా, గీ కుర్సీ పిల్లది. నీకు బయట బెంచీ ఉన్నది. చాయ్ గూడ ఆడికే వస్తది" అన్నాడు. బాపు లేచి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు గానీ మళ్లీ లోపలికి రాలేదు.

కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి సంగతి ఇదే. మీ వెంట వచ్చిన తండ్రినో, మొగుణ్నో, అన్ననో బయట కూర్చోబెట్టే సర్పంచి దొరికితే మీ అదృష్టం. దొరక్కపోతే ఆ మాట మీరే అనాలి. అది కూడా మొదటిరోజే అనాలి. ఆ తర్వాత ఆ కుర్చీ ఆయనకు అలవాటైపోతుంది.

మెంబరు పనేమిటో కూడా జంగయ్య కాకే చెప్పాడు. "నల్లా రాకుంటె తిట్లు తినాలె. నల్లా వస్తె ఎవలికీ యాదికి రావొద్దు. గంతే బిడ్డా." ఐదేళ్ల తర్వాత కూడా దీనికి నేను కలపగలిగింది పెద్దగా ఏమీ లేదు.

చలికాలం కబురు

మాట్లాడలేను కాబట్టి కాగితం వేయడం మొదలుపెట్టాను. ఏటా చలికాలంలో ఒకటి. మెంబరుకు పనులన్నీ ఆ రోజుల్లోనే మీద పడతాయి. ఇంటిపన్ను, పోలియో చుక్కల ఆదివారం, పొద్దు తొందరగా గుంకుతుంది కాబట్టి వీధిలైట్లు, చలిమంటల్లో పిల్లలు వేసే టైర్లు. వీటన్నిటి గురించి ఒక పేజీలో రాసి, మేడ్చల్‌లో జిరాక్స్ తీయించి, కాలనీలో ఇంటింటి గేటుకూ తగిలించేదాన్ని. పాత ఊళ్లో కాగితం పని చేయదు, చాటింపు కావాలి. డప్పు సాయిలుకు చదివి వినిపిస్తే ఆయన తనకు తోచినట్టు మార్చి చాటేవాడు. "దయచేసి పన్ను చెల్లించగలరు" అని నేను రాస్తే, "పన్ను కట్టకుంటె మెంబరమ్మ ఏడుస్తదట హో" అని ఊరంతా చాటాడు. నేను రెండు రోజులు గడప దాటలేదు. పన్ను మాత్రం బాగా వసూలైంది.

మొదటి ఏడు కాగితాన్ని "హేమంతం మన వాకిట అడుగుపెట్టిన వేళ" అని మొదలుపెట్టాను. రాత్రి మూడుసార్లు తిరగరాసిన వాక్యం అది. జంగయ్య కాక నాతోనే చదివించుకొని, కళ్లు మూసుకొని విని, "మస్తుగున్నది బిడ్డా. లైటు ఎప్పుడేస్తరో గది గూడ రాయి" అన్నాడు. ఆ తర్వాత ఏ కాగితంలోనూ హేమంతం రాలేదు.

బాట తళతళలాడిన ఆదివారం

ఇక అసలు సంగతి. అది నా మూడో చలికాలం.

కాలనీ సంఘానికి కార్యదర్శి ప్రసాదరావు గారు. బ్యాంకు ఉద్యోగి. ఏ పనికైనా ముందుంటాడు, గట్టిగా మాట్లాడతాడు, మనసులో ఏమీ పెట్టుకోడు. ఆయన వచ్చి, "మెంబరు గారూ, మన బాట పక్కన చెత్త చూశారా? దోమలు చంపేస్తున్నాయండీ. ఆదివారం అందరం కలిసి శ్రమదానం చేస్తాం, పంచాయతీ ట్రాక్టరు ఇప్పించండి చాలు" అన్నాడు. మంచిమాటే కదా. కాగితంలో రాశాను. కాక ట్రాక్టరు పంపాడు. ఆ ట్రాక్టరు డ్రైవరు యాదగిరి.

ఆదివారం పొద్దంతా నేను అంగన్‌వాడీలో పోలియో చుక్కల దగ్గర ఉండిపోయాను. మధ్యాహ్నం బాట మీదికి వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. రెండు పక్కలా ఊడ్చి సున్నం గీతలు గీశారు. మంకీ టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులంతా చీపుళ్లు పట్టుకొని చాయ్ తాగుతున్నారు. ఒక్కొక్కరి ముఖం పెళ్లి చేసి వచ్చినట్టుంది.

"ఎలా ఉందండీ?" అన్నాడు ప్రసాదరావు గారు. "ఆ చివర ఒక పెద్ద దిబ్బ ఉంది చూశారూ, అదే మా నడుములు విరగ్గొట్టింది. ట్రిప్పుల మీద ట్రిప్పులు కొట్టాం."

నేను బాట చివరికి చూశాను. "ఎక్కడ పోశారు?"

"పాత క్వారీ గుంతలో. నీళ్లలో మునిగిపోయింది. ఇక వాసన కూడా రాదు."

అది చెత్త కాదు. మా దిక్కు ఊళ్లలో ప్రతి ఇంటికీ ఊరి అంచున ఒక పెంట ఉంటుంది. కొట్టంలోని పేడ, ఊడ్చిన గడ్డి, పొయ్యిలోని బూడిద ఏడాదంతా అక్కడ వేస్తారు. ఎండాకాలంలో పొలానికి తోలతారు. ఆ జాగా ఎవరిదన్నదానికి కాగితం ఏదీ ఉండదు. తాతల నాటి నుంచీ వస్తుంది. ఒకరి పెంట మీద ఇంకొకరు చెయ్యి వేయరు. కాలనీ లేచాక మిగతావాళ్లు తమ పెంటలు దూరం జరుపుకున్నారు. బాట పక్కన ఒక్క పోచవ్వదే మిగిలింది.

పోచవ్వకు మొగుడు లేడు. రెండు బర్రెలున్నాయి, కుంట కింద ఎకరం భూమి ఉంది. కొడుకు యాదగిరి, ట్రాక్టరు డ్రైవరు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతుంటే ఈ ఎకరం కూడా అమ్ముదామని అతని పోరు. చివరికి జంగయ్య కాక ముందర తల్లీకొడుకులు ఒక మాటకొచ్చారు. ఈ ఎండాకాలం భూమికి ఎరువు పడి, వానలకు పంట పెడితే అమ్మకం మాట ఎత్తొద్దు. పడావు పడి బీడుగా ఉండిపోయిందంటే అమ్మేయాలి. ఎరువు లేకుండా ఆ నేలలో ఏదీ మొలవదని ఊరందరికీ తెలుసు. ఆ ఎరువు ఇప్పుడు క్వారీ అడుగున ఉంది.

బర్రెలను కట్టేసి, పేడగంప నెత్తిన పెట్టుకొని పోచవ్వ అప్పుడే వచ్చింది. గంప దించకుండానే తెల్లటి సున్నం గీతను చూసింది.

"నా పెంటేది?"

"చెత్తంతా తీసేశాం మామ్మగారూ," అన్నాడు ప్రసాదరావు గారు సంబరంగా. "ఇక దోమల బెడద లేదు."

"చెత్తనా? నీ ఇంట్ల బియ్యం డబ్బ ఎత్తుకపోయి చెత్తంటె ఊకుంటవా సారూ? యేడాది సంది గీ నెత్తి మీద మోసిన. గింతమంది ఉన్నరు, సదువుకున్నోళ్లు. ఎవలదని ఒక్కడన్న అడగలే!"

చీపుళ్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. ప్రసాదరావు గారు టోపీ తీసేసి, "పొరపాటైంది, ఎంతైతే అంత ఇచ్చేస్తామండీ" అన్నాడు.

"పైసలు జల్లితె మొలుస్తయా?"

అప్పుడు ఆమె చూపు ట్రాక్టరు వైపు తిరిగింది. యాదగిరి ట్రాలీ కడుగుతున్నాడు. చాలాసేపు కడుగుతూనే ఉన్నాడు.

"మీకు ఎరుక లేదు, సరే," అంది పోచవ్వ నెమ్మదిగా. "గా డ్రైవరుకు ఎరుకనే గద? నడక నేర్సిందే గా కుప్ప పక్కపొంటి."

"సార్లు ఎత్తుమన్నరు, ఎత్తిన. నన్నంటవేందే?" అన్నాడు యాదగిరి, తల ఎత్తకుండా.

పోచవ్వ గంపలోని పేడను సున్నం గీత మీదే పోసి వెళ్లిపోయింది.

ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అక్కడే దొరికింది. తగువు వచ్చినప్పుడు మనం గట్టిగా మాట్లాడేవాళ్ల వైపే చూస్తాం. తప్పు వాళ్లలో వెతుకుతాం. ప్రసాదరావు గారు తెలియక చేసి, పదిమందిలో తలవంచుకున్నాడు. తెలిసినవాడు స్టీరింగు పట్టుకొని నోరు మూసుకున్నాడు. పంచాయితీలో కూర్చున్నప్పుడు ఎవరేం మాట్లాడారో విన్నాక, ఎవరు మాట్లాడలేదో కూడా చూడండి.

ఈతగాడు దొరకని పంచాయితీ

మర్నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద అందరూ చేరారు. పోచవ్వది ఒక్కటే మాట. "నా పెంట నాకు గావాలె."

"క్వారీల మునిగినదాన్ని ఎట్ల తేవాలె పోచవ్వా? నేనేమన్న గజ ఈతగాన్నా?" అన్నాడు కాక.

"సర్పంచివి గద. మునుగు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. యాదగిరి గోడకానుకొని, "పోయినదాని ఎంబడి ఎందుకు పడుతవమ్మా, ఎట్లైన పోయేదే గద" అన్నాడు. అతను భూమి గురించే అంటున్నాడని అక్కడున్న అందరికీ అర్థమైంది.

కాక నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, నీ వార్డు ఇది. నేను చెప్పిననుకో, కాలనీవోళ్లకు సర్పంచి జుర్మానా ఏసినట్టుంటది. నువ్వు చెప్తె ఇంటి మాటైతది."

"నాకు రాదు కాకా."

"మాట రాకుంటె రాత వస్తది గద. పో."

ఇంటికెళ్లి ఆ చలికాలానికి రెండో కాగితం రాశాను. అందులో ఇంతే ఉంది:

"ఆదివారం మనం తీసింది చెత్త కాదు, పోచవ్వ పొలానికి వేయాల్సిన ఎరువు. అది మళ్లీ తయారు కాకపోతే ఆమె ఎకరం ప్లాట్లకు పోతుంది. మీ ఇంట్లో కూరల తొక్కలు, వాకిట్లో రాలిన ఆకులు రోజూ పొద్దున్నే అదే చోట వేయండి. ప్లాస్టిక్ వేయకండి. తేనివాళ్ల ఇంటికి పోచవ్వ స్వయంగా వస్తుంది."

చివరి వాక్యం కాక చెప్పి రాయించాడు. పని చేసిన వాక్యం కూడా అదే.

గొయ్యా, కుప్పా

మొదటిరోజు బకెట్టుతో వచ్చింది నేనూ, ప్రసాదరావు గారి భార్య వరలక్ష్మి గారూ మాత్రమే. ఆమెది కృష్ణా జిల్లాలో వ్యవసాయం చేసే ఇల్లు. "మా పుట్టింట్లో దిబ్బ లేని దొడ్డి ఉందా? ఈయన మాత్రం దిబ్బ మీద ఆడుకోలేదూ? ఉద్యోగంలో చేరగానే ముక్కు మారిపోయింది" అంటూ చీర కుచ్చిళ్లు దోపుకుంది.

పోచవ్వ మా రెండు బకెట్లనూ చూసి, "గింతనా? గిది కోడి తింటె సాలదు" అంది.

"మొదలుపెట్టాంగా మామ్మగారూ. ముందు గొయ్యి తీద్దాం. గోతిలో అయితే తేమ నిలుస్తుంది."

"మామ్మ ఏందమ్మా, నీకంటె నాలుగేండ్లు పెద్దదాన్నేమో గంతే. మీ దిక్కు నల్లమట్టి, గుంత దీస్తరు. మా దిక్కు బండ. గీ గడ్డపార తీస్కొని నువ్వే తవ్వు, నేను జూస్త."

వరలక్ష్మి గారు తవ్వింది. మోకాలి లోతు దాకా దిగింది. ఆ తర్వాత గడ్డపార ఖణేల్‌మని నిప్పురవ్వలు లేచాయి. పోచవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకొని నవ్వింది. ఆదివారం నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. చివరికి మోకాలి లోతు గొయ్యి, దాని మీద కుప్ప అని ఒప్పందమైంది. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. బూడిద ఎంత వేయాలి, పేడనీళ్లు పొరపొరకూ చల్లాలా, పైపైన చాలా, ఆకులు తడిపి వేయాలా, ఎండవి వేయాలా. ఇద్దరికీ పని తెలుసు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం మాత్రం తెలియదు.

ఆ తగువు కుప్పను పెంచింది. పొద్దున్నే మంచులో శాలువాలు కప్పుకొని కాలనీ ఆడవాళ్లు దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు. ఉత్తచేతులతో నిలబడితే బాగుండదని తలా ఒక బకెట్టు తొక్కలు తెచ్చేవాళ్లు. పాత ఊరివాళ్లు కూడా తలా ఒక గంప పేడ పడేసి నిలబడేవాళ్లు. తొక్కల్లో కలిసి వచ్చిన స్టీలు చెంచాలను పోచవ్వ పైకెత్తి, "గీ చెంచ ఎవలిదమ్మా? మా భూమిల చెంచలు మొలువయి" అని అరిచేది. ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. ఆ పక్క కడీ మీద చెంచాలు వరుసగా పెట్టి ఉండేవి. పొద్దుగూకేసరికి ఒక్కొక్కటే మాయమయ్యేవి.

ప్రసాదరావు గారు ఆఫీసుకు బయల్దేరుతూ రోజూ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగేవాడు. ఎవరైనా ప్లాస్టిక్ సంచీ విసిరితే వాళ్ల గేటు దాకా వెళ్లి తిరిగి ఇచ్చి వచ్చేవాడు. వాసన మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

మంచి పనులు మంచి ఉద్దేశాలతోనే సాగుతాయని పుస్తకాల్లో చదివి నమ్మాను. వార్డులో చూసింది వేరు. సిగ్గు, కుతూహలం, పక్కింటామె తెచ్చింది నేను తేకపోతే ఎలా అన్న పట్టింపు. పని నడిపించేవి ఇవే. వీటిని చిన్నచూపు చూడకండి.

పొగమంచులో స్కూటరు

యాదగిరి మాత్రం రాలేదు. "తొక్కలు ఎరువైతయా? ఎండాకాలం దాక ఆగుడెందుకు" అని ఊళ్లో అంటున్నాడని తెలిసింది. ప్లాట్ల వ్యాపారి ఒకరు బయానా ఇవ్వడానికి తయారుగా ఉన్నాడని కూడా విన్నాం. బయానా ముట్టిందంటే ఇక కుప్ప ఎంత పెరిగినా లాభం లేదు. పోచవ్వ ఆ మాట విని గంపలు రెట్టింపు మోసింది.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు, మంచు బాగా కురిసిన ఒక పొద్దున ఆ వ్యాపారి స్కూటరునే నడుపుతూ, అతన్ని వెనక ఎక్కించుకొని యాదగిరి వచ్చాడు. మేమంతా అక్కడే ఉన్నాం. నేను బకెట్టు పట్టుకొని వరలక్ష్మి గారి వెనక నిలబడ్డాను. యాదగిరి స్కూటరు ఆపి, అరచేతులు రుద్దుకుంటూ, "అమ్మా, అన్న వచ్చిండు. ఇంటికి రా, మాట్లాడేది ఉన్నది" అన్నాడు.

అతన్ని అడ్డుకొని ఒక మాట అనాలని నా గొంతు దాకా వచ్చింది. అనగలిగింది ఇంతే. "యాదగిరన్నా, ముందు కుప్ప సూడు."

"ఏం జూడాలె మెంబరమ్మా, ఉల్లిపొట్టునా?"

"సలి పెడ్తాందా కొడుకా?" అంది పోచవ్వ. "దా."

అతను దగ్గరికి రాగానే మణికట్టు పట్టుకొని, పైన ఉన్న ఎండుటాకులను కాలితో జరిపి, అతని చేతిని మోచేతి దాకా కుప్పలోకి తోసింది.

"అమ్మో! కాలుతాందే!" అని చెయ్యి లాక్కున్నాడు. ఆ కంతలోంచి ఆవిరి లేచి మంచులో కలిసింది.

"ఉడుకుతోంది బాబూ," అంది వరలక్ష్మి గారు. "ఎండలు ముదిరేసరికి చల్లారి నల్లగా పొడిపొడి అవుతుంది. పొలానికి అప్పుడు తోలుకోవచ్చు."

పోచవ్వ ఆమె వైపు చూసింది. మేమంతా తగువు కోసం ఎదురుచూశాం. "ఔ, గంతే," అంది పోచవ్వ.

స్కూటరు దిగిన వ్యాపారి కూడా వచ్చి ఆవిరి మీద అరచేతులు కాచుకుంటున్నాడు. యాదగిరి కుప్పకు ఇంకా దగ్గరగా జరిగాడు. తర్వాత ఎవరూ తోయకుండానే చెయ్యి మళ్లీ లోపల పెట్టాడు. ఈసారి వెంటనే తీయలేదు.

"అన్నా, నువ్వు పోయిరా," అన్నాడు వ్యాపారితో, తల తిప్పకుండా. "ఈ యేడు గాదు."

వ్యాపారి స్కూటరు వెనక్కి తిప్పుకొని మంచులోకి వెళ్లాడు.  యాదగిరి చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు తోలాలె అమ్మా?"

పోచవ్వ ఖాళీ గంపను కుప్ప మీద బోర్లించింది.

"ఇప్పటికన్న అడిగినవ్ గద," అంది. "సెప్త తియ్యి."